నీ మంచికే

కుటుంబ నియంత్రణ కేంద్రానికి వచ్చి, పిల్లలు పుట్టడానికి మందు ఇమ్మని తవిటమ్మ అడిగినప్పుడు వరండాలో కూర్చున్న ఆడవాళ్ళంతా ఎలా నవ్వారో పోయిన వారం చూశాం. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు తవిటమ్మను పరీక్ష చేసిన కొత్త డాక్టరమ్మ. రెండోవారు, డాక్టరమ్మ చెప్పగా వెనకగదిలో పాత కట్టలు విప్పి, అయిదేళ్ళ కిందటి కార్డు వెతికి తీసిన భారతీదేవి. తవిటమ్మ గర్భసంచిలో, పిల్లలు పుట్టకుండా వేసే లూపు ఉంది. ఉన్నట్టు తవిటమ్మకు తెలియదు. ఆ లూపు వేసిన శిబిరంలో, లోపలికి వెళ్ళే ఆడవాళ్ళకు తెలుగులో చెప్పాల్సిన ఉద్యోగి భారతీదేవి ఒక్కతే. "వివరించాను, ఒప్పుకుంది" అని ఆ కార్డు మీద ఉన్న రాత కూడా ఆమెదే.

"గురువారం రమ్మనండి," అంది డాక్టరమ్మ ఆ మంగళవారం. "నా హిందీ ఆవిడకి బజారు మాటల వరకే అర్థమవుతుంది. ఈ విషయానికి చాలదు. ఆవిడ భాషలో మీరే చెప్పాలి."

ఆ గురువారం రానే వచ్చింది.

డాలీగంజ్ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ భారతీదేవి చేతిసంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకునే కూర్చుంది. బయట వాన. జూన్ మొదలైన దగ్గర్నుంచీ వాన తెరిపి ఇవ్వలేదు. కిటికీ రేకు సందులోంచి జల్లు కొట్టి భుజం తడుస్తున్నా ఆమె జరగలేదు. పక్కన కూర్చున్న బెంగాలీ ఆవిడ ఏదో అడిగింది. భారతీదేవి తల ఊపింది కానీ, ఏమడిగిందో వినలేదు.

భర్త చలపతితో ఈ దీవిలో ఓడ దిగినప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. చలపతి ఇక్కడ తెలుగు పంతులుగా మూడేళ్ళు పనిచేసి, జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడు. కాకినాడలో ఉన్న అన్నగారు వచ్చెయ్యమని రాశాడు. వచ్చి ఎవరింట్లో ఏ మూల కూర్చోవాలో అందులో రాయలేదు. భారతీదేవి ఇక్కడే శిక్షణ తీసుకుని ఉద్యోగంలో చేరింది. పద్నాలుగేళ్ళు గడిచాయి. రెండు గదుల క్వార్టరు, ఒక రేడియో, ఒక మనిషికి సరిపడా వండే చిన్న గిన్నె. పొద్దున్న క్లినిక్కులో పదిమందితో మాట్లాడి సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే, మర్నాడు పొద్దున్నదాకా తన గొంతు తనకే వినపడదు.

ఆ నిశ్శబ్దంలోకి మూడేళ్ళుగా వస్తున్న మనిషి తవిటమ్మ ఒక్కతే. ఒక ఆదివారం డాలీగంజ్‌లో చేపలమ్ముతూ, వాన పెద్దదై, ఈ ఇంటి చూరు కింద నిలబడింది. లోపలికి రమ్మంటే తడి కాళ్ళతో రానని గడప మీదే కూర్చుంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం గంప అడుగున నాలుగు కవళ్ళ చేపలు మిగుల్చుకుని వచ్చి, వాటిని తనే గీకి, కడిగి, టీ తాగేదాకా గడప మీద కూర్చునేది. మొగుడు నూకన్న డోంగీ పడవ గురించి, అత్త తాతమ్మ నోటి గురించి, పోయిన పసిగుడ్డు గురించి చెప్పేది. మొక్కిన మొక్కులన్నీ చెప్పేది. నెలనెలా ఎనిమిదేసి రోజులు ఒళ్ళు ఖాళీ అయిపోతోందని, నడుం విరిగిపోతోందని చెప్పేది.

"దేవుడు చూస్తాడులే తవిటమ్మా," అనేది భారతీదేవి.

మూడేళ్ళు అదే మాట అంది. శిబిరం రోజున ఈ మనిషిని తన ముందు నుంచే పంపించానని ఆమెకు గుర్తు లేదు. ఆ రోజు ముప్పై నలుగురు ఆడవాళ్ళు. ఆమె కార్డుల వంక చూసిందే గానీ మొహాల వంక చూడలేదు.

ఈ సంగతి చెప్పాక తవిటమ్మ మళ్ళీ ఆ గడప తొక్కదు. ఆ మాట మాత్రం భారతీదేవికి మంగళవారమే తెలిసిపోయింది.

* * *

క్లినిక్కులో అడుగుపెట్టేసరికి పరంధామయ్య గొడుగు దులుపుతున్నాడు. లెక్కలు పై ఆఫీసుకు పంపేది ఆయనే. ఆ శిబిరం పెట్టించిందీ ఆయనే. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందుండేవాడు. పెద్ద అంకె కనిపిస్తే మాత్రం మనుషులు కనిపించేవారు కాదు.

"ఆవిడ వచ్చిందమ్మా. మొగుడ్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. వెనక షెడ్డు కింద కూర్చున్నారు," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్క మాట వినండి. కడుపులో చిన్న పుండు ఉంది, శుభ్రం చేస్తున్నాం అని చెప్పండి. డాక్టరమ్మ తీసేస్తుంది. ఏడాదికి ఆవిడ కడుపు పండుతుంది. మనకీ నాలుగు కవళ్ళు తెచ్చి దండం పెడుతుంది. ఎవరికి నష్టం?"

భారతీదేవి సంచీ బల్లమీద పెట్టింది.

"ఆ రోజు కూడా మనం ఇలాగే అనుకున్నాం కదండీ, ఎవరికి నష్టం అని?"

"బస్తీలో ఈ మాట పొక్కితే రేపట్నుంచి ఒక్క మనిషి మన గుమ్మం ఎక్కదు. ఆ పరదాలు, ఆ కుర్చీలు, డాక్టరమ్మ పెట్టిన కొత్త పద్ధతులు అన్నీ గాలికి పోతాయి. అది ఆలోచించారా?"

ఆలోచించకపోవడమేం! రెండు నెలల కిందట డాక్టరమ్మ వచ్చాక ఈ గది తీరు మారింది. ఇదివరకు బల్లకు ఇవతల బెంచీమీద ఆరుగురు వరసగా కూర్చుంటే, అవతల కుర్చీలోంచి భారతీదేవి అందరికీ ఒకేసారి పాఠం చెప్పేది. ఇప్పుడు మూలకు నీలం పరదా కట్టారు. లోపల ఒకే ఎత్తు కుర్చీలు రెండు. ఒక పళ్ళెంలో లూపు, నిరోధ్, మాత్రలు చేత్తో పట్టుకుని చూడ్డానికి ఉంటాయి. ముందు అడగాలి, వినాలి, ఆ తర్వాతే చెప్పాలి. అదీ డాక్టరమ్మ నియమం. మొదటి వారం భారతీదేవికి నోరు పెగల్లేదు. "నీకేం కావాలి?" అని ఒక ఆడదాన్ని అడగడం అంత కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. అడిగించుకున్నవాళ్ళకు ఇంకా కష్టం. కొంతమంది ఏడ్చేవారు.

"ఆలోచించాను," అంది. "అబద్ధం చెప్పి ఆ పరదా లోపల ఇంకొకరిని కూర్చోబెట్టలేను పరంధామయ్య గారూ."

ఆయన గొడుగు మళ్ళీ తెరిచి, ఎందుకు తెరిచాడో తెలియనట్టు మూసేశాడు.

* * *

తవిటమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. మంచి కబురు వినడానికి వచ్చిన మనిషిలా కుర్చీ అంచున కూర్చుంది.

"దీదీ, డాక్టరమ్మ ఏటంది? మందుందా? నా తప్పేనా, మా ఆయన తప్పా? సీదా సెప్పెయ్. సోమవారం ఓడకి మా అత్త ఆ పిల్లని తెస్తంది."

"ఏ పిల్లని?"

"మా అత్త అన్న మనవరాలు. భీమిలి పిల్ల. పదిహేడేళ్ళట." తవిటమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "పనికి సాయమని తెస్తన్నామంతంది. నాను సిన్నపిల్లనా?"

భారతీదేవి పళ్ళెంలోంచి లూపు తీసింది. తెల్లటి ప్లాస్టిక్ మెలిక, చివర సన్నటి దారం. అరచేతిలో పెట్టుకుని తవిటమ్మ వైపు చాపింది.

"ఇదేంటో తెలుసా?"

"లూపు కదా. పిల్లలొద్దనుకున్నోలు పెట్టించుకుంతారు."

"ఇలాంటిది నీ లోపల ఉంది తవిటమ్మా. అయిదేళ్ళుగా ఉంది. అందుకే నీకు కడుపు రాలేదు. నెలనెలా అన్నేసి రోజులు పోతున్నదీ, ఆ నడుం నొప్పీ దీనివల్లే అయి ఉండాలి. నీ దగ్గర ఏ లోపమూ లేదు."

రేకుల మీద వాన గట్టిగా కొడుతోంది. తవిటమ్మ లూపు వంకే చూస్తోంది. చెయ్యి చాచి దాన్ని తీసుకుంది. దారం పట్టుకుని పైకెత్తి చూసింది.

"నా లోపలా?"

"అవును."

"ఎవురు పెట్టారు?"

ఈ ప్రశ్న వస్తుందని భారతీదేవికి తెలుసు. మంగళవారం నుంచి జవాబు వందసార్లు అనుకుంది.

"నీ పాప పుట్టిన నెల మీద పది రోజులకి బడి షెడ్డులో శిబిరం పెట్టారు, గుర్తుందా? బాలింతలకి పరీక్ష అని చాటింపు వేశారు. బయట వరస పెద్దది. లోపల డాక్టరు బెంగాలీ ఆయన. నీకు ఆయన మాట అర్థం కాలేదు. బల్ల దగ్గర ఒక తెలుగావిడ ఉంది. లోపలికి వెళ్ళమంది. ఎందుకని నువ్వు అడిగావు. అడిగే ఉంటావు. అందరూ అడిగారు."

"అడిగాను," అంది తవిటమ్మ నెమ్మదిగా. "'నీ మంచికే, ఒక్క నిమిషం' అంది."

"ఆ అన్నది నేనే."

తవిటమ్మ కళ్ళెత్తి చూసింది. ఇన్నేళ్ళుగా గడప మీద కూర్చుని చూసిన మొహాన్నే, ఇప్పుడు కొత్తగా, దేనితోనో పోల్చుకుంటున్నట్టు చూసింది.

"పొద్దుగూకేలోగా ఇంతమందికి వెయ్యాలన్నారు. ఒక్కొక్కరికీ చెబుతూ కూర్చుంటే సగంమంది వెళ్ళిపోతారని భయపడ్డాను. నిజంగా మీ మంచికే అనుకున్నాను. అడక్కుండా చేసేదాన్ని మంచి అనరని నాకు అప్పుడు తెలీదు. తెలీదనడం కూడా తప్పే. తెలుసుకోవాలనుకోలేదు." భారతీదేవి అక్కడితో ఆపలేదు. "ఆ తర్వాత నీ పాప పోయిందని నేను చూడలేదు, అడగలేదు. మూడేళ్ళుగా నువ్వు నా గుమ్మంలో ఏడుస్తుంటే దేవుడు చూస్తాడన్నాను. చూడాల్సింది నేను."

తవిటమ్మ లూపును పళ్ళెంలో పెట్టేసి, కొంగు తప్పించి, చీర కుచ్చిళ్ళు కొద్దిగా కిందికి జరిపింది. బొడ్డు కింద నల్లగా మూడు గీతలు. కాలిన మచ్చలు.

"ఇయి నీకు సెప్పనేదు దీదీ. సిగ్గేసి సెప్పనేదు. కడుపు తెరుసుకుంతాదని మా అత్త ఏయించింది. కొడవలి కాల్చి. నానే పడుకున్నాను, ఎవురూ పట్టుకోనేదు. బిడ్డ కోసం ఏటైనా సేస్తాననుకున్నాను." మళ్ళీ చీర సర్దుకుంది. "జెట్టీ కాడ సీమంతమైతే నన్ను పిలవరు. ఉయ్యాల్లో ఏసిన రోజు నన్ను పిలవరు. మా ఈదిలో బాలింతరాలు నన్ను సూసి తలుపేసుకుంతాది. అయిదేళ్ళు నానొక్కదాన్నే గట్టు మీద కూకుని సేపలు ఏరుకున్నాను. నీ గడప ఒక్కటే ఉండీది నాకు, కూకోడానికి."

తనకూ ఆ ఒక్క మనిషే ఉందని భారతీదేవి చెప్పడానికి ఇది సమయం కాదు. నేరం చేసినవాడు తన ఒంటరితనం చెప్పుకుంటే దాన్ని ఎదుటివాళ్ళు మోయాలి. ఆ బరువు తవిటమ్మ మీద పెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

"ఇప్పుడేటి సేస్తారు?" అంది తవిటమ్మ చివరికి.

"నువ్వు ఎలా అంటే అలా. తీసెయ్యమంటే డాక్టరమ్మ ఇవాళే తీస్తుంది. కొద్దిగా నొప్పి ఉంటుంది, పెద్దగా కాదు. తీశాక బిడ్డలు పుట్టే అవకాశం ఉంది. వెంటనే పుడతారని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఇవాళ వద్దంటే రేపు రావచ్చు, ఆలోచించుకుని రావచ్చు. అసలు నా మొహం చూడాలని లేకపోతే ఇంకొకరిని కూర్చోబెడతాను. నీకేం కావాలో నువ్వు చెప్పు."

"నాకేటి కావాలా?" తవిటమ్మ ఆ మాటను నోట్లో తిప్పుకుంది. "ఈ మాట నన్నెవరూ అడగనేదు. పెళ్ళప్పుడూ అడగనేదు. ఓడెక్కించినప్పుడూ అడగనేదు." పళ్ళెం పక్కకు జరిపింది. "అది తీయడం, ఉంచడం తరవాత సూద్దుం. ముందు నాకా కాయితం సూపించు. నా గురించి ఏటి రాసారో సూస్తాను."

"చదవడం..."

"నాకు రాదు. నువ్వు సదువు. అబద్ధం ఆడకు."

భారతీదేవి సంచీలోంచి కార్డు తీసింది. నీలం అంచు అట్టముక్క, చెమ్మకు మూలలు మెత్తబడ్డాయి. వేలు పెట్టి ఒక్కొక్క వరస చదివింది. పేరు తవిటమ్మ. వయసు ఇరవై ఒకటి. భర్త నూకన్న, చేపల వేట. ఒక ఆడబిడ్డ, నెలా పది రోజులు. మూడు రోజులు నొప్పులు పడి కష్టంగా ప్రసవం. లూపు వేయడమైనది.

"'వివరించాను, ఒప్పుకుంది,'" అని చదివింది. ఆ ముక్క చదువుతున్నప్పుడు తల ఎత్తలేకపోయింది. "ఇది నా చేతిరాత. రెండూ అబద్ధమే."

"మరిదేటి? ఈ మసి?"

"వేలిముద్ర. ఒప్పుకున్నట్టు, బయట వరసలోనే నీతో వేయించి ఉంటారు."

"నాది కాదు."

"అయిదేళ్ళయింది కదా, గుర్తు లేదేమో..."

"ఆ దినం నాకు బాగా గేపకం దీదీ. ఆ పిల్లతో నాను బయటికెల్లిన దినాలు ఎన్నున్నాయి? సేతి ఏళ్ళ మీద ఎంచొచ్చు. పిల్ల పాలు తాగతా నిద్దరోనాది. రెండు సేతులూ పిల్ల కిందే ఉన్నాయి. నా ఏలు ఎవురూ అడగనేదు."

తవిటమ్మ కార్డును తీసుకుని కిటికీ వెలుతురులోకి తిప్పింది. ముద్ర పెద్దది. ఆడదాని వేలు కాదది. గుండ్రటి గీతల మధ్య నుంచి ఏటవాలుగా, సిరా అంటని తెల్లటి చార ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు పోతోంది. పద్నాలుగేళ్ళుగా కాగితాలు చదువుతున్న భారతీదేవి, మంగళవారం నుంచి ఈ కార్డును ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. తన రాతే చూసుకుంది. ఈ చార చూడలేదు.

తవిటమ్మ మాత్రం దాన్ని చదివింది. చూపుడు వేలితో ఆ తెల్లచారను ఒకసారి నిమిరింది.

"గాలం తాడు కోసేసిన గాటు ఇది," అంది. "మాయాబందర్ కాడ పెద్ద సొరసేప పడింది. తాడు ఒదల్నేదు ఆయన. ఏలు ఎముక దాకా తెగిపోనాది. పసుపెట్టి గుడ్డ కట్టింది నానే."

"తవిటమ్మా..."

"మా ఆయన ఏలు, దీదీ."

పరదా అవతల ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నారు.

"ఆయన ఒక్కనాడు ఒక్క మాటనేదు నన్ను," అంది తవిటమ్మ. గొంతులో కోపం లేదు. అర్థం కానిదాన్ని ముక్కముక్కగా పేర్చుకుంటున్న మనిషి గొంతది. "మా అత్త గొడ్డుదానా అని లేసినప్పుడల్లా ఆయన ఇల్లొదిలి డోంగీ కాడికెల్లిపోయేవోడు. నన్ను తిట్టలేక ఎల్లిపోతన్నాడు, ఎంత మంచోడో అనుకున్నాను. ఈ వాతలు ఏసిన దినం సూడలేక మూడు దినాలు ఇంటికి రానేదు. నా బాధ సూడలేకే అనుకున్నాను." ఊపిరి పీల్చుకుంది. "తెలిసే ఎల్లిపోయేవోడా?"

భారతీదేవి నోటికి ఏదో సమాధానం వచ్చింది. 'మూడు రోజులు నొప్పులు' అన్న ఆ వరస మీదికే ఆమె కళ్ళు వెళ్ళాయి. భార్య మళ్ళీ అలా చావు దాకా వెళ్ళకూడదని అతనే ఒప్పుకున్నాడేమో! ఆపైన బిడ్డ పోయాక చెప్పడానికి నోరు రాలేదేమో! కానీ అది అతని తరఫున తను చెప్పాల్సిన మాట కాదు. ఒకసారి ఒకరి తరఫున చెప్పి ఇంత దూరం తెచ్చింది.

"అది నాకు తెలియదు," అంది. "తెలిసిందల్లా నీకు చెప్పాను."

తవిటమ్మ లేచి నిలబడింది. ఆకుపచ్చ చీర కొంగు నడుముకు చుట్టి దోపింది. గట్టు మీద పడవ లాగడానికి ముందు దోపుకునేలా.

"పిలు దీదీ ఆయన్ని. లోపలికి పిలు. నువ్వూ ఇక్కడే ఉండు, ఎల్లిపోకు. నువ్వు సెప్పినట్టు ఆయన్ని కూడా సెప్పనీ."

భారతీదేవి కార్డు అందుకుని పరదా తీసింది. వెనక షెడ్డు కింద, చూరు నీళ్ళు పడని చోట, నూకన్న గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అడుగుల చప్పుడుకు తలెత్తాడు. లోపలున్న భార్య మొహం చూశాడు. చూపు అక్కణ్ణుంచి భారతీదేవి చేతిలో ఉన్న నీలం అంచు కార్డు మీదికి వచ్చి నిలిచిపోయింది.

ఏమైందని అతను అడగలేదు. బీడీ వానలోకి జారిపడింది. కుడిచేతి బొటనవేలు మెల్లగా పిడికిట్లోకి ముడుచుకుంది.